రంగు సరే, ఎర్త్ ఏదీ?

ముందే చెప్తున్నా, ఇది పాత బండ్ల మోజున్న మిత్రులకి కాస్త చేదుగా ఉంటుంది. నాకూ ఆ మోజు ఉంది కాబట్టే ఈ కోపం.

మన ఐటీ జనాల్లో పాత జీపులూ, అంబాసిడర్లూ కొని 'రిస్టోర్' చేయించే సరదా పెరిగింది. సంతోషమే. కానీ షెడ్డులోంచి బయటికొచ్చిన బండి పక్కన నిలబడి వాళ్ళు చెప్పే కబుర్లు వినండి. రంగు కంపెనీ షేడే, హెడ్‌లైటు రింగు ఎక్కడో పాత సామాన్ల కొట్లో దొరికింది, సీటు గుడ్డ కూడా ఒరిజినలే... ఒకటే గోల. ఇంజనుకీ చాసిస్‌కీ మధ్య ఎర్త్ పట్టీ ఎక్కడ బిగించారు అని అడిగి చూడండి. "బాడీ అంతా ఎర్తే కదా బాస్" అంటారు.

కాదు బాస్, అక్కడే తేడా కొడుతోంది.

బండిలో బ్యాటరీ నుంచి కరెంటు వెళ్ళడానికి వైరు ఉంటుంది. తిరిగి రావడం ఎక్కువగా ఇనుము మీదుగానే. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరు కరెంటుని పోనివ్వదని హైస్కూల్లోనే చదువుకున్నాం. అందుకే కంపెనీవాడు జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఇంజను నుంచి చాసిస్‌కి వేస్తాడు. సెల్ఫ్ కొట్టినప్పుడు వంద ఆంపియర్లకి పైగా కరెంటు వెనక్కి రావాల్సింది దాని మీదుగానే. ఆ దారిలో 0.02 ఓమ్ అడ్డం పడిందనుకోండి, 150 ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు అక్కడే హరీ. పన్నెండులో మూడు పోతే సెల్ఫ్ ఏం తిరుగుతుంది?

ఇదంతా నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. ఖమ్మంలో మా నాన్న పాత పెట్రోలు జీపుని రెండేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక షెడ్డులో ఇచ్చి బాగుచేయించాను. చాసిస్‌కి పౌడర్ కోటింగ్, ఇంజనుకి కొత్త రంగు, అద్దంలా ఉంది. ఆర్నెల్లు బాగానే తిరిగింది. తర్వాత ఒక రాత్రి చింతూరు నుంచి భద్రాచలం వస్తూ అడవిలో ఆగాం. మళ్ళీ సెల్ఫ్ కొడితే 'టక్' అని ఒక్క చప్పుడు. ఇంకోసారి, ఇంకోసారి. డాష్‌బోర్డు కింద పొగ. నాన్న చోక్ లాగబోయి "అమ్మా" అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. ఫోనుకి సిగ్నల్ లేదు. వెనక సీట్లో అమ్మ. కార్బురేటర్ పక్కనే పెట్రోలు పైపు. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

తోసి స్టార్ట్ చేసి ఎలాగో ఇల్లు చేరాం. మర్నాడు ఖమ్మంలో ఒక పెద్దాయన, పాతకాలం ఆటో ఎలక్ట్రీషియన్, కిందకి దూరి చూసి ఒకే ప్రశ్న వేశాడు: "పట్టీ ఏది బాబూ?" షెడ్డువాడు తుప్పు పట్టిందని దాన్ని పారేశాడు. చాసిస్ బోల్టు చోట కూడా కోటింగ్ కొట్టేశాడు. ఇన్నాళ్ళూ సైలెన్సర్ క్లాంపులూ, చోక్ వైరూ పట్టుకుని కరెంటు ఎలాగో తిరిగొచ్చింది. ఆ రాత్రి మొత్తం భారం చోక్ వైరు మీద పడి, అది హీటర్ కాయిల్ అయింది. పెద్దాయన ఎమరీ పేపరుతో రంగు గీకి, పళ్ళ వాషరు వేసి, కొత్త పట్టీ బిగించి, పైన కాస్త గ్రీజు రాశాడు. రెండొందలు కూడా కాలేదు. పౌడర్ కోటింగ్ బిల్లు మాత్రం అడక్కండి :-)

"ఇవన్నీ ఎగ్జిబిషన్లకి పోయేవాళ్ళ పిచ్చి" అని ఒక మిత్రుడి వాదన. అమెరికాలో 1960ల మస్టాంగులూ, కమారోలూ బాగుచేసేవాళ్ళు ఇంజను నుంచి ఫైర్‌వాల్‌కి వెళ్ళే పట్టీ ఏ బోల్టు కింద ఉండాలి అని కొట్టుకుంటుంటే నేనూ ఒకప్పుడు నవ్వుకున్నా. ఇప్పుడు నవ్వు రావడం లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుల్లో రేడియోకి గోల రాకుండా ప్రత్యేకంగా ఎర్త్ పట్టీలు వేసి, అలాంటి బండికి గుర్తుగా బానెట్ నంబరు చివర 'ఎస్' అని రాసేవాళ్ళు. అది అలంకారం కాదు, ఇంజనీరింగు.

"ఇంకో వైరు అదనంగా లాగితే పోలా?" అనేది రెండో వాదన. లాగండి, కాదన్నానా? ముందు ఒరిజినల్ ది దాని చోట పెట్టి, ఆ తర్వాత లాగండి. పైగా పాత బండ్లన్నీ ఒకటి కాదు. ఆ యుద్ధకాలం విల్లీస్ 6 వోల్టులది. అదే పనికి రెట్టింపు కరెంటు కావాలి, కేబులూ లావుగా ఉండాలి. చాలా బ్రిటిష్ కార్లకి 1960ల మధ్య దాకా పాజిటివే ఎర్త్. ఫోర్డ్ వాడు కూడా 1956లో గానీ నెగటివ్‌కి మారలేదు. చూడకుండా అలవాటుగా కలిపేస్తే కాలేవి కాలుతాయి.

మన ఉద్యోగంలో స్క్రీన్ మెరిసిపోతూ వెనక ఎర్రర్ హ్యాండ్లింగ్ లేని కోడ్ ఎవరైనా ఇస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తాం. అదే మనం లక్షలు పోసిన బండి దగ్గర రంగు చూసి చెక్కు రాసేస్తాం. ఈసారి డబ్బులిచ్చే ముందు ఒక పని చేయండి. మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజను బ్లాకుకి పెట్టి, సెల్ఫ్ కొట్టించండి (పాజిటివ్ ఎర్త్ బండైతే పాజిటివ్‌కి). అర వోల్టు దాటిందా, మీ బండి రిస్టోర్ కాలేదు. మేకప్ వేసుకుందంతే.

నాన్న వేళ్ళ మీద మచ్చలు ఇంకా పోలేదు. తిట్టాల్సింది షెడ్డువాణ్ణి ఒక్కణ్ణే కాదు. ఆ రోజు రంగు మాత్రమే చూసుకుని మురిసిపోయిన ఇంజనీరు కొడుకుని కూడా.