ఉంగరం ఎవరికి దొరికితేనేం?

బిందెలో ఉంగరం ఎవరి చేతికి దొరికితే ఇంట్లో వాళ్ల మాటే చెల్లుతుందట. ఈ మాట పుట్టించినవాళ్లెవరో గానీ గట్టి మోసమే చేశారు. ఉంగరం గెలుచుకున్న కోడళ్లు మా లింగాల పక్క ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. చీనీతోట అమ్మాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు వాళ్లలో ఎందరు నోరు విప్పగలరు? అరటిగెలల డబ్బు ఎవరి జేబులోకి పోతుందో బిందె చెప్పదు. అది తెలియాలంటే పట్టాదారు పాసుపుస్తకం మీద ఎవరి పేరుందో చూడాలి.

అట్లని ఈ ఆటలు తీసెయ్యమని నేననను. పెళ్లి తంతునంతా ఒకసారి గుర్తు చేసుకోండి. కన్యాదానంలో అమ్మాయి దానమిచ్చే వస్తువు. కాళ్లు కడిగించుకునేది అబ్బాయి, కడిగేది పిల్ల తల్లిదండ్రులు. అప్పగింతల్లో ఇల్లు వదిలేది ఆ పిల్లే. ఇంత తంతులో ఇద్దరికీ ఒకే నియమం ఉండేది ఎక్కడంటే తలంబ్రాల్లో, పూలబంతుల ఆటలో, బిందె దగ్గర. అవే నీళ్లు, అదే ఉంగరం, ఇద్దరివీ ఒక్కో చెయ్యి. దోసిలినిండా తలంబ్రాలు తీసి మొగుడి నెత్తిన కుమ్మరించడానికి పెళ్లికూతురు ఎవరినీ అడగక్కర్లేదు. పక్కనున్న పిన్నమ్మలే 'పొయ్యి మే, బాగా పొయ్యి!' అని ఎగదోస్తారు.

1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు, మగపిల్లాడికి 18 ఏళ్లు కనీస వయసని హద్దు గీసింది. 1978లో అది 18, 21 అయింది. 14 ఏళ్లన్న హద్దుకే చట్టం కావలసి వచ్చిందంటే అంతకుముందు ఎంత చిన్నపిల్లలకు ముళ్లు వేసేవారో ఊహించుకోవచ్చు. ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కూర్చోబెట్టిన పిల్లకు బెదురు తీరడానికి ఆట కంటే దగ్గరి దారి ఏముంది? నీళ్లలో చేతికి చెయ్యి తగిలితే తప్పుబట్టేవాళ్లు లేరు. ఆ ఆటలో నాకు కనిపించేది ఈ దయే. ప్రతి ఆచారం వెనకా సైన్సుందని వాట్సాపులో పంపేవాళ్లకు ఈ దయ ఆనదు.

ఇక గడప దగ్గరి పరీక్ష. 'పేరు చెప్పొదినా, చెప్తేనే లోపలికి పంపిచ్చేది' అని ఆడబిడ్డలు అడ్డం నిలబడతారు. ఆమె సిగ్గుపడుతూ మొగుడి పేరు చెబుతుంది, అతనూ ఆమె పేరు చెబుతాడు, అందరూ నవ్వుతారు. మరుసటి రోజు నుంచి ఆమెకు అతను 'మా ఇంటాయన', ఆ తర్వాత 'పిల్లోల్ల నాయన'. అతనికి మాత్రం ఆమె 'ఏమే'. ముందురోజు అందరూ పట్టుబట్టి చెప్పించిన పేరు మరుసటి రోజుకు అనరాని మాట ఎట్లయింది?

ఇప్పుడు ఈ ఆటలకు కెమెరా యజమాని అయింది. ఉంగరం దొరికినా 'ఇంకోసారి ముంచండి మేడమ్, యాంగిల్ రాలేదు' అంటాడు. హిందీ సినిమా 'ప్రేమాలయం' పేరుతో తెలుగులోకి వచ్చాక చెప్పులు దాచే ఆట మన మండపాల్లోనూ బాగా కనబడుతోంది. రానీండి, అప్పు తెచ్చుకున్న ఆటైనా ఆటే. కానీ గెలుపోటములు ముందే రాసిపెట్టిన ఆట ఆటెట్లా అవుతుంది?

నాకు ఎక్కువ కోపం మనబోటి చదువుకున్నవాళ్ల మీద. 'అబ్బే, ఈ చాదస్తాలు మాకొద్దు' అని బిందెనూ పూలబంతులనూ తీసేస్తాం. కన్యాదానం మాత్రం ఉంటుంది, పెద్దవాళ్లు బాధపడతారని. కట్నం ఉంటుంది, దాని పేరు ఇప్పుడు 'అమ్మాయికి వాళ్లిష్టంతో పెట్టుకున్నది'. కట్నాన్ని నేరం చేసిన చట్టం వచ్చింది 1961లో. నేరాన్ని ఉంచుకుని నవ్వును తీసేసే సంస్కరణ ఎవరిని బాగుచెయ్యడానికి?

బిందె ఉండనీండి. ఎవరు గెలిస్తే వాళ్లదే పెత్తనమన్న జోస్యం పోవాలి, ఎందుకంటే ఆ నవ్వులాట చాటున అసలు పెత్తనం ఎవరిదన్న ప్రశ్న ఎవరూ అడగరు. గడప దగ్గర పేర్లూ చెప్పించండి. మర్నాడు పొద్దున ఆ పిల్ల అదే పేరుతో 'కాఫీ పెట్టుకొస్తావా?' అని మొగుణ్ని పిలిస్తే, నిన్న అడ్డం నిలబడి నవ్విన ఆ ఇంటివాళ్లు ఈరోజూ నవ్వగలగాలి. పరీక్ష వాళ్లకే.