దేవదూత యే రంగు?

క్రిస్మసు నాటకమున దేవదూత వేషమునకు తెల్లని పిల్లనే వెదకుట మనలో వాడుక. పిల్ల నల్లగా పుట్టినచో తల్లి కుంకుమపువ్వు తినలేదని నిందింతురు. దాని వెల యెంతయో నిందించువా రెఱుగరు కాబోలు!

మేనికి రంగునిచ్చునది మెలనిన్. దానిని పుట్టించు కణముల సంఖ్య నల్లవారికిని తెల్లవారికిని ఇంచుమించు సమానమే; అవి చేయు మెలనిన్ పరిమాణమును, తీరును వేఱు. వానిని నిర్ణయించునవి తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చు పలు జన్యువులు. అవి బిడ్డబిడ్డకు వేఱువేఱుగా కలియును గావున, ఒకే తల్లి కడుపున నల్లనివాడును చామనచాయవాడును పుట్టుట వింత కాదు. పువ్వు తిన్నంతమాత్రమున జన్యువులు మాఱవు.

అట్టి జన్యువులలో ఎస్.ఎల్.సి.24ఎ5 యొకటి. తెలుపునకు తోడ్పడు దాని రూపము మనదేశీయులలోను ఐరోపావారిలోను ఒకే మూలమునుండి వచ్చినదని హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్ మున్నగువారు 2013లో ప్రకటించిరి. అందఱము దూరపు చుట్టములమే యన్నమాట.

గూడూరు తల్లిదండ్రులారా, ఈ యేడు గబ్రియేలు వేషము నల్లని పిల్లకు ఇప్పింపుడు.