ఇటుక కింద చీజ్

చీజ్‌ను మన పత్రికల్లో జున్ను అని రాయడం నాకు సమ్మతం కాదు. ఈనిన గేదె మొదటి పాలలో బెల్లం, మిరియాల పొడి కలిపి ఆవిరి మీద ఉడికిస్తే జున్ను. దాన్ని ఆ పూటో మర్నాడో తినెయ్యాలి. చీజ్ వేరు. దానికి వారాలు, నెలలు కావాలి, అన్నాళ్ళూ పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషీ కావాలి. అలాంటి మనుషులు ఒకే ఇంట్లో తరాల పాటు పుట్టుకొచ్చిన చోటు ఒకటుంది.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, థెరీసా అనే చిన్న ఊరు. స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన జాన్ విడ్మర్ 1922లో అక్కడ చీజ్ కర్మాగారం తీసుకున్నాడు. కింద పని, మేడ మీద కాపురం. అక్కడ చేసే ‘బ్రిక్’ చీజ్ మీద బరువుకు పెట్టేవి నిజం ఇటుకలే. జాన్ నాడు పెట్టినవే ఇవాళా పెడుతున్నారు.

పాలలో తోడు లాంటి బ్యాక్టీరియా వేసి, తర్వాత పాలను గడ్డకట్టించే రెన్నెట్ కలుపుతారు. పాలు మెత్తగా గడ్డ కడతాయి. ఆ గడ్డను తీగల కత్తులతో చిన్న ముక్కలుగా కోసి, ఊరిన తేటను కొంత తీసేసి నీళ్ళు పోస్తారు. పాలలోని చక్కెర నీళ్ళతో పోతుంది కనుక పులుపు అదుపులో ఉంటుంది. ముక్కలను చిల్లులున్న అచ్చుల్లోకి ఎత్తి, ఒక్కో దాని మీద ఒక్కో ఇటుక పెడతారు, మధ్యమధ్య తిరగేస్తారు. మర్నాడు ఉప్పునీటి తొట్టి. అక్కణ్ణుంచి వెచ్చగా, తడితడిగా ఉండే గది. అక్కడ రోజూ ఒక్కో దిమ్మెనూ చేతికి తీసుకుని, బ్యాక్టీరియా ఉన్న ఉప్పునీళ్ళతో రుద్ది తిరగేసి పెట్టాలి. పైపొర నారింజ రంగుకు తిరుగుతుంది, ఘాటైన వాసన మొదలవుతుంది. కాగితంలో చుట్టి చల్లటి చోట ఉంచినా ఆ పొర పని ఆపదు. కొన్ని వారాలకు కమ్మగా ఉన్నది నెలలు గడిచేసరికి ముక్కుపుటాలు అదిరేంత ఘాటెక్కుతుంది.

ఈ రకాన్ని 1877 ప్రాంతంలో విస్కాన్సిన్‌లోనే జాన్ జాసీ అనే స్విస్ వలసదారు కనిపెట్టాడు. లింబర్గర్ అనే మెత్తటి, ఘాటు వాసన చీజ్ చేయడం తెలిసినవాడు. తేమ తగ్గిస్తే గట్టిగా, కోతకు వీలుగా ఉండే చీజ్ వస్తుందని పట్టుకున్నాడు.

విడ్మర్ పని మొదలుపెట్టిన 1922లో ఆ రాష్ట్రంలో 2,800 పైచిలుకు చీజ్ కర్మాగారాలుండేవి. పాలు దూరం పోలేని రోజులు కనుక నాలుగు దారులు కలిసిన చోటల్లా ఒకటి. మంచి రోడ్లు, పాల ట్యాంకర్లు వచ్చాక చిన్నవి వరసగా మూతపడ్డాయి. అది లెక్కల సంగతి, అర్థమవుతుంది. నన్ను బాధించేది మరొకటి. దుకాణాల్లో బ్రిక్ అనే పేరుతో దొరికే చీజ్‌లో చాలావరకు ఆ రుద్దుడూ లేదు, ఆ వాసనా లేదు. పేరు మాత్రం మిగిలింది. చేసేవాళ్ళు మరచిపోయి కాదు, తినేవాళ్ళకు చప్పనిది అలవాటై ఇలా జరిగింది. రుచి ముందు చచ్చేది తినేవాడి నాలుక మీదే.

ఒక విషయంలో మాత్రం విస్కాన్సిన్‌కు దండం పెడతాను. అమెరికాలో చీజ్ చేసే మనిషికి లైసెన్సు ఉండి తీరాలనే రాష్ట్రం అదొక్కటే. ఆ పైన ‘మాస్టర్ చీజ్‌మేకర్’ కావాలంటే లైసెన్సుతో పదేళ్ళు పనిచేసి, మరో మూడేళ్ళు శిక్షణలో ఉండాలి. జాన్ విడ్మర్ మనవడు జో ఆ హోదా సంపాదించాడు. చేతిపనికి చదువుతో సమానమైన గౌరవం అంటే ఇది. దాలిలో పాలు కాచి, చెయ్యి పెట్టి చూసి తోడు వేళ చెప్పగలిగిన మన ఇళ్ళ ఆడవాళ్ళకు ఎవరైనా ఏ కాగితమైనా ఇచ్చారా?

అదే రాష్ట్రంలోని మిల్వాకీ నగరం వైపు ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు చాలామందే. థెరీసా అక్కడికి గంట ప్రయాణం. వెళ్తే నెలలు నిలవున్న బ్రిక్ అడగండి, కొత్తది కాదు. అక్కడి జర్మన్ కుటుంబాలు తినే తీరున రై రొట్టె మీద ఆవముద్ద రాసి, పచ్చి ఉల్లిపాయ చక్రం పెట్టి, దాని మీద ముక్క వేసుకోండి. వాసనకు వెనక్కి తగ్గకండి. వాసన ఉన్నంత ఘాటుగా రుచి ఉండదు.