తెగులుకి పేరు పెట్టడమూ సేద్యమే

"బయాలజీ దేనికయ్యా, కంప్యూటర్లు చదువుకోక!" ఈ మాట పడని లైఫ్ సైన్సెస్ విద్యార్థి మన కాలేజీలో ఉండడు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన నాటినుంచీ హైదరాబాదులో చదువంటే ఆ ఒక్క దారే అన్న అభిప్రాయం పాతుకుపోయింది. ఆ దారిని నేను తిట్టను. నా స్నేహితుల్లో సగంమంది దానిమీదే నడుస్తున్నారు. కాని ఆ అద్దాల మేడలు దాటి, మియాపూర్ మీదుగా ముంబై రోడ్డెక్కితే పటాన్‌చెరు వస్తుంది. అక్కడ 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ ఉంది. మెట్ట పంటల కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ. రైతుబిడ్డగా అక్కడ జరిగిన ఒక పని గురించి మీకు చెప్పాలని ఉంది.

2000 సంవత్సరం వానాకాలంలో అనంతపురం జిల్లాలో వేరుశనగ (మా వైపు శెనక్కాయ అంటాం) మాడిపోయింది. నేను పుట్టకముందు సంగతే అయినా మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటారు. మొవ్వు ఎండింది, కాండం నల్లబడింది, మొక్కలు నిలువునా చచ్చాయి. దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం రూ. 300 కోట్లు దాటిందని అంచనా. పైకి చూస్తే అది పాత శత్రువు మొవ్వుకుళ్ళు తెగులులాగే ఉంది.

ఇక్రిశాట్‌లో ఏ.ఎస్. రెడ్డి గారు, డి.వి.ఆర్. రెడ్డి గారు, వారి సహచరులు ఆ మొక్కల్ని పరీక్షించారు. యాంటీబాడీలతో చేసే ఎలైసా పరీక్ష చేశారు. వైరస్ పైతొడుగు ప్రోటీన్ తాలూకు జన్యువును చదివారు. ఇది మొవ్వుకుళ్ళు వైరస్ కాదు, టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది.

"పేరు మారితే ఏమొచ్చింది? వైరస్ సోకిన మొక్కకి ఎలాగూ మందు లేదుగా?" అని మీరడగవచ్చు. అసలు విషయం అక్కడే ఉంది. రెండింటినీ మోసేది తామర పురుగే. కాని మొవ్వుకుళ్ళు వైరస్ పురుగు ఒంట్లోనే పెరిగి, అది బతికున్నంతకాలం మొక్కలకు అంటుతుంది. రెండోది పుప్పొడిలో ఉంటుంది. పుప్పొడి పురుగు ఒంటికి అంటుకుని ఆకుమీదికి వస్తుంది. పురుగు గీకిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. ఆ పుప్పొడి ముఖ్యంగా ఎక్కడిది? గట్లమీద, బీళ్ళలో, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామది! వైరస్‌ని కడుపులో పెట్టుకుని కూడా ఆ కలుపుమొక్క పచ్చగా నవనవలాడుతుంది.

అంటే తెగులు చేలో ఉంటే వైద్యం గట్టుమీద ఉందన్నమాట. పూత రాకముందే వయ్యారిభామను పీకెయ్యాలి. చేను చుట్టూ జొన్నో సజ్జో కొన్ని సాళ్ళు వేస్తే గాలివాటున వచ్చే పురుగుకి అడ్డుగోడ అవుతుంది. ఖరీదైన యంత్రాలతో జన్యువును చదివితే చివరికి తేలింది చేత్తో చేసే పని. ఈ శాస్త్రమంటే నాకు గౌరవం అందుకే.

మరి మా ఊళ్ళో జరుగుతున్నదేమిటి? ఇప్పటికీ రైతు ముడుచుకున్న ఆకు పట్టుకుని పోయేది మందుల కొట్టుకే. కొట్టువాడు చెప్పిందే తెగులు, ఇచ్చిందే మందు. జబ్బు తగ్గదు, అప్పు పెరుగుతుంది. శాస్త్రం లేక కాదు, అది చేనుదాకా దిగి రావడానికి మెట్లు లేక. ఆ మెట్లు ఎవరు కట్టాలి? ప్రభుత్వం కట్టాలి, నిజమే. ప్రతి మండలంలో ఆకు తీసుకుని, తెగులు పేరు తేల్చి, రైతుకి జవాబు చెప్పే చోటు ఒకటి ఉండాలి. అయితే ఊరి భాషా, ల్యాబ్ భాషా రెండూ తెలిసిన మనబోటివాళ్ళు కాకపోతే ఆ చోట కూర్చునేదెవరు?

కంప్యూటర్ మిత్రులకూ ఇందులో పనుంది. జన్యువంటే నాలుగే అక్షరాల పొడుగాటి రాత. దాన్ని వేల రాతలతో పోల్చి ఏ వైరస్‌కి ఏది చుట్టమో తేల్చేది కంప్యూటరే. హైటెక్ సిటీకీ శెనక్కాయ చేనుకీ సంబంధం లేదనుకోవద్దు.

యూనియన్‌కి నాదొక విన్నపం. ఏటా ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకని పల్లెలకు పోయి రోడ్లు ఊడ్చి వస్తున్నాం. ఈసారి తొలకరికే ఒక మెట్ట ఊరికి పోదాం. చేతులకు తొడుగులు వేసుకుని, పూత రాకముందే వయ్యారిభామ పీకుదాం. ఎందుకు పీకుతున్నామో రైతుకి చెబుదాం.