పడకుండా కాదు, వెళ్లడానికి

మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. కిందటి కార్తీకంలో నూతిగట్టు దగ్గర కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే అయింది. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి నాలుగడుగులు వేయించాడు కూడా. కానీ అప్పటినుంచి మా ఇంట్లో రోజుకి ఇరవై సార్లు వినబడే మాట ఒక్కటే: "అత్తయ్యా, లేవకండి, నేనొస్తున్నా!"

ఒకరోజు నేను పోపు వేస్తుంటే పిలిచింది. స్టవ్ కట్టేసి వెళ్లేసరికే ఆలస్యమైపోయింది, చీర తడిసిపోయింది. ఆవిడ గోడవైపు తిరిగి, "ఎంతకని సూస్తానే? నన్నొగ్గీ, నానెల్తాను" అంది. యాభై మందికి ఒంటిచేత్తో వండి వడ్డించిన మనిషి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం చూపిస్తున్నది ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమ ఆవిణ్ణి మంచానికి కట్టేసింది.

సంగతి తెలిసి హైదరాబాదులో ఉన్న మా మరిది ఆన్‌లైన్‌లో ఒక బండి పంపించాడు. నాలుగు చక్రాలు, సీటు, బుట్ట, సైకిలుకున్నట్టు చేతిబ్రేకులు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అత్తయ్య దానిమీద బరువు వేసి వాలగానే అది ముందుకు పరిగెత్తింది. నేను పట్టుకోకపోతే రెండో తుంటి కూడా విరిగేదే. ఆ బండి చెడ్డది కాదు. తన కాళ్లమీద తాను నిలబడగలిగి, అవసరానికి బ్రేకు నొక్కగల వాళ్లకి అది బంగారం. అలసిపోతే బ్రేకు బిగించి సీటుమీద కూర్చోవచ్చు కూడా. కానీ మా అత్తయ్యలాగా బరువంతా చేతులమీద మోపి నడిచేవాళ్లకి ముందు రెండు చక్రాలు, వెనక రెండు రబ్బరు బూట్లు ఉన్నది నయం. బరువు పడితే వెనక కాళ్లు నేలని పట్టుకుంటాయి. అసలు చక్రాలే లేనిదైతే అడుగడుక్కీ ఎత్తి పెట్టుకోవాలి, దానికి భుజాల్లో సత్తువ ఉండాలి.

ఇదంతా ఫిజియోథెరపీ అబ్బాయి చెప్తేనే తెలిసింది. ఎత్తు కూడా అతనే సరిచేశాడు. మనిషి నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలేస్తే, పిడి మణికట్టు దగ్గరికి రావాలట. ఎత్తు తక్కువైతే వంగిపోతారు, ఎక్కువైతే భుజాలు నొప్పెడతాయి. రబ్బరు బూట్లు అరిగితే వెంటనే మార్చాలి.

కొనేముందు ఇల్లు కూడా కొలవాలి. మా పాత పెంకుటింటికి గదికో గడప. బాత్రూము తలుపు మరీ ఇరుకు, ముందు దాని వెడల్పు కొలిచాకే బండి కొన్నాం. గడపలకి వడ్రంగిచేత వాలుబల్లలు చేయించాం. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు లెక్క, పైన జారకుండా గరుకు పట్టీ. వీధిగడప దగ్గర మాత్రం నేనే ఆగిపోయాను. పసుపు రాసి బొట్లు పెట్టే గడపమీద బల్ల వేయడమా అని. అత్తయ్యే నవ్వింది: "లచ్చిందేవి నన్ను నడవొద్దంటాదేటి?" ఆవిడ వెళ్లేటప్పుడు వేసి, వచ్చాక తీసేస్తున్నాం.

"పడిపోతే ఎవరిది బాధ్యత?" అని మావారు ఇప్పటికీ అడుగుతారు. ఆ భయం నాకూ ఉంది. కానీ మంచంమీదే ఉంచితే కాళ్లలో కండ కరిగిపోతుంది, ఒళ్లు పుళ్లు పడుతుంది, మనసు చచ్చిపోతుంది. ఆ బాధ్యత ఎవరిది?

1978లో నాలుగు చక్రాల బండిని రూపొందించినది స్వీడన్‌కి చెందిన ఐనా విఫాల్క్ అనే ఆవిడ. పోలియో వల్ల నడక కష్టమైన మనిషి. నడిచే మనిషికే తెలుస్తుంది తనకేం కావాలో. అందుకే నా మాట ఒక్కటే: కొడుకులు ఫోనులో చూసి కొనకండి. పెద్దవాళ్లని నిలబెట్టి, వాళ్లచేత నాలుగడుగులు వేయించి, "నీకెక్కడికి వెళ్లాలనుంది?" అని అడిగి కొనండి. కొనే స్తోమత లేనివాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. పేదింటి పెద్దలకి, అరవై దాటితే, కాన్పూరులోని అలింకో సంస్థ ద్వారా వాకర్లు, చేతికర్రలు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. అక్కడ కూడా ఇచ్చింది పట్టుకొచ్చేయకుండా ఎత్తు సరిచేయించుకోండి.

ఇంకో అడ్డు సిగ్గు. మొదట్లో అత్తయ్య కూడా "నలుగురూ నవ్వుతారు" అంది. పసివాడికి మూడు చక్రాల కర్రబండి కొనిచ్చి, వాడు తోసుకుంటూ తప్పటడుగులు వేస్తే చప్పట్లు కొడతాం. పెద్దవాళ్లు బండి పట్టుకుంటే మాత్రం "అయ్యో పాపం" అంటాం. ఆ "అయ్యో పాపం" మానేస్తే సగం మంది పెద్దలు లేచి నడుస్తారు.

ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి అత్తయ్య వీధరుగుమీద ఉంటోంది. పక్కింటి మామ్మతో కబుర్లు, బీరకాయల బేరం అన్నీ మళ్లీ ఆవిడవే. రాత్రి రెండింటికి హాల్లో రబ్బరు బూట్ల చప్పుడు వినబడుతుంది. నేను లేచి కూర్చుంటాను, కానీ మంచం దిగను. బాత్రూము లైటు వెలిగి, ఆరి, ఆ చప్పుడు మళ్లీ ఆవిడ మంచం దగ్గరికి చేరేదాకా ఊపిరి బిగబట్టి వింటాను. ఆ పది నిమిషాలూ ఊరుకోవడమే నేను ఆవిడకి చేస్తున్న సేవ.