కులం పేరుతో తిట్టిన కేసు: ముందస్తు బెయిల్ ఎప్పుడు వస్తుంది? ఎప్పుడు రాదు?

ఎస్సీ, ఎస్టీ కేసు పడితే ముందస్తు బెయిల్ రాదంతే.. జనంలో బాగా నాటుకుపోయిన మాట ఇది. మరి కొన్ని కేసుల్లో కోర్టులు బెయిల్ ఎలా ఇస్తున్నాయి? ఇంకో కేసులో హైకోర్టు ఇచ్చిన బెయిల్‌ను కూడా సుప్రీంకోర్టు ఎందుకు రద్దు చేసింది? చాలావరకు జవాబు ఎఫ్‌ఐఆర్‌లో రాసిన నాలుగు లైన్లలోనే ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది?

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 18 ముందస్తు బెయిల్‌కు తలుపు మూసేసింది. నిందితులు బయట ఉంటే బాధితులను బెదిరిస్తారన్నదే దీని వెనుక భయం. 1995లో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను సమర్థించింది.

2018 మార్చి 20న సీన్ మారింది. చట్టం దుర్వినియోగం అవుతోందంటూ సుప్రీంకోర్టు అరెస్టులకు షరతులు పెట్టింది. ఏప్రిల్ 2న దళిత సంఘాలు భారత్ బంద్‌కు దిగాయి. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు సెక్షన్ 18ఏ తెచ్చి పాత నిబంధనను గట్టిచేసింది. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఈ సవరణకు ఓకే చెప్పింది. అయితే ఒక మెలిక పెట్టింది. ఫిర్యాదు చదివితే పైకి నేరమే కనిపించనప్పుడు ఈ నిషేధం వర్తించదని తేల్చింది.

ఎక్కడ తిట్టారు? ఎవరు విన్నారు?

కులం పేరుతో తిడితే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. కానీ ఆ మాట నలుగురి కంట పడే చోట అని ఉండాలి. ఇంటి గేటు ముందు, బయటివాళ్లు ఉండగా తిడితే నేరమేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అంటే ఈ సెక్షన్ కిందకు రాదని 2020లో ఉత్తరాఖండ్ కేసులో స్పష్టం చేసింది.

మరి వీడియోల సంగతేంటి? ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియో కూడా బహిరంగంగా అన్నట్టేనని 2022లో కేరళ హైకోర్టు ఓ యూట్యూబర్‌కు బెయిల్ నిరాకరించింది. 2024 ఆగస్టులో అదే రాష్ట్రానికి చెందిన మరో యూట్యూబ్ చానెల్ ఎడిటర్‌కు మాత్రం సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. తిట్టించుకున్న వ్యక్తి ఎస్సీ అయితే సరిపోదు, ఆ అవమానానికి కులంతో ముడి ఉండాలన్నది కోర్టు మాట.

తాజా హెచ్చరిక

2025 సెప్టెంబర్ 1న వచ్చిన తీర్పు ఇంకో వైపు చూపిస్తుంది. తాము చెప్పినట్టు ఓటు వేయలేదని ఇంటి బయటే కులం పేరుతో తిట్టి, దాడి చేశారన్నది మహారాష్ట్రలోని ధారాశివ్ జిల్లా కేసు. బాంబే హైకోర్టు నిందితుడికి ముందస్తు బెయిల్ ఇచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. బెయిల్ దశలోనే సాక్ష్యాలు తూచి చిన్న సైజు విచారణ నడపకూడదని చెప్పింది.

అంటే ఏంటి? కేసు తప్పుడుదని నిందితుడు ఎంత వాదించినా, ఈ దశలో కోర్టు చూసేది ప్రధానంగా ఎఫ్‌ఐఆర్‌నే. నేరం కనిపిస్తే ఇక రెగ్యులర్ బెయిల్ దారే దిక్కు. బాధితులకు కూడా ఇదే కత్తి తగులుతుంది. ఎక్కడ తిట్టారు, ఏ మాట అన్నారు, పక్కన ఎవరున్నారు అన్నవి స్టేషన్‌లో రాయకుండా వదిలేస్తే, నిజంగా జరిగిన అవమానం కూడా కాగితం మీద మామూలు గొడవలా మిగిలిపోతుంది.

అందుకే చట్టంలోనే ఒక రక్షణ ఉంది. నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు దాన్ని చదివి వినిపించాలి. కాపీ ఇవ్వాలి. బెయిల్ విచారణలో తమ మాట వినిపించుకునే హక్కు కూడా బాధితులకు ఉంది. సంతకం పెట్టే ముందు ఆ నాలుగు లైన్లు వినడం ఇద్దరి తలరాతనూ మార్చేంత పెద్ద విషయం.