జనకుని ప్రశ్న, సులభ సమాధానం

నోములకు, వ్రతాలకు పేరంటం పిలిచిన ఇండ్లలో ఒక దృశ్యం తరచుగా కనబడుతుంది. నలుబదియేండ్లు దాటిన అవివాహిత ఒకతె పుష్పాలు కూర్చి, నైవేద్యం సిద్ధపరచి, సహస్రనామాలను దోషరహితంగా పఠిస్తుంది. వాయనాలందించే వేళకు మాత్రం ఆమె ప్రక్కకు తొలగవలసి వస్తుంది. కారణమడిగితే 'శాస్త్రం' అంటారు. ఏ శాస్త్రమో చెప్పరు.

కనుక శాస్త్రాన్నే విచారిద్దాం. హారీతుడు స్త్రీలు ద్వివిధులన్నాడు: బ్రహ్మవాదినులు, సద్యోవధువులు. మొదటివారికి ఉపనయనం, అగ్నిపరిచర్య, వేదాధ్యయనం, స్వగృహంలోనే భిక్షాచర్య విధించాడు. గుణహీనునికిచ్చుటకంటె కన్య ఆమరణం పితృగృహంలో నిలుచుటే మేలని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం చెబుతున్నది.

ప్రతిపక్షవచనాలు లేవా? ఉన్నాయి, వాటిని దాచనక్కరలేదు. వివాహమే స్త్రీకి ఉపనయనస్థానీయమని ఆ మనుస్మృతియే అన్నది. శల్యపర్వంలో కుణిగర్గుని కుమార్తె వార్ధక్యం వరకు తపస్సు చేసింది. అవివాహితకు ఉత్తమలోకాలు లేవని నారదుడు చెప్పగా, ఆమె ఒక్క రాత్రికి శృంగవంతుని పరిణయమాడింది. 14వ శతాబ్దినాటి పరాశరమాధవీయం హారీతవచనాన్ని ఉదాహరించి, అది కల్పాంతరవిషయమని ప్రక్కన పెట్టింది. అనగా మార్గం లేకపోలేదు. ఉన్న మార్గం మూయబడింది. మూసిన తలుపును చూపి, ఇక్కడ ద్వారమే లేదనుట సత్యం కాదు.

అదే మహాభారతంలో, శాంతిపర్వాంతర్గతమైన మోక్షధర్మంలో సులభ ఉన్నది. రాజర్షివంశజ. తగిన వరుడు లభింపనందున మోక్షధర్మాన్ని అభ్యసించి ఏకాకినిగా సంచరించింది. జీవన్ముక్తుడనని చెప్పుకొన్న జనకుడు ఆమెను నిండుసభలో ప్రశ్నించాడు: నీవెవరవు, ఎవరిదానవు? స్వపరభేదం నశించినవానికి ఈ ప్రశ్న ఎట్లా పుట్టిందని ఆమె తిరిగి అడిగింది. రాజుకు ప్రత్యుత్తరం దొరకలేదు.

నేటికీ మనం అడుగుతున్నది జనకుని ప్రశ్ననే. "మీవారేం చేస్తారమ్మా?" అన్నది దానికి మర్యాదపూర్వకమైన రూపం మాత్రమే.

కన్యాకుమారిలో సముద్రతీరాన వెలసిన దేవి కన్యయే. నవరాత్రులలో బాలిక పాదాలు కడిగి కుమారిగా అర్చిస్తాము. ఆ కుమారియే నలుబదియేండ్లకు కుమారిగా మిగిలితే ముఖం త్రిప్పుకొంటాము. దైవత్వం వయస్సుతో క్షీణించిందా, లేక మన దృష్టి సంకుచితమైనదా?

గృహస్థాశ్రమం శ్రేష్ఠమే, దానిని ఎవరూ నిరాకరించుట లేదు. ఆత్మకు లింగం లేదని ఉదయం పారాయణ చేసి, సాయంకాలం మంగళసూత్రం చూసి అర్హత నిర్ణయించుట మాత్రం వేదాంతం కాదు. రాబోవు వ్రతానికి మొదటి వాయనం ఆమె చేతిలో పెట్టండి. శాస్త్రమేమని ఎవరైనా అడిగితే, సులభ కథను చదివి వినిపించండి.